పుస్తకం మూసి రాసిన మాటలు

కోర్టులో ఆమెను అందరూ స్టెనో అక్క అనేవాళ్లు. జడ్జిగారు మాత్రం ఏ పేరుతోనూ పిలిచేవారు కాదు. ఆయన గొంతు సవరించుకుంటే చాలు, ఆమె పెన్సిలు కదిలేది. సాక్షి ఏడుస్తూ చెప్పినా, లాయరు గుక్కతిప్పుకోకుండా వాదించినా, అవన్నీ ఆమె చేతి కింద ఒకేలాంటి సన్నని గీతలై పడిపోయేవి. షార్ట్‌హ్యాండులో ఆ చుట్టుపక్కల కోర్టుల్లో ఆమెకు సాటి లేదు. నిన్నటి గోడ తగాదా కేసులో సాక్షి ఎవరి వైపు చెప్పాడని బెంచి గుమాస్తా ఎప్పుడైనా అడిగితే నవ్వేసేది. చెవిలోంచి చేతిలోకి పోతుందని, మధ్యలో ఎక్కడా ఆగదని చెప్పేది. ఆ మాట కాస్త గొప్పగానే చెప్పుకునేది. నిజానికి ఆ ఉద్యోగానికి కావలసింది కూడా అదే. అర్థం గురించి ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతి వాక్యం జారిపోతుంది.

పుస్తకాలు చదవడంలోనూ ఆమెది అదే పద్ధతి. భోజనాల వేళ కోర్టు వెనక వరండాలో కిటికీ పక్క కుర్చీ ఆమెది. లైబ్రరీ పుస్తకం ఒళ్లో, రూళ్ల నోటు పుస్తకం కిటికీ గట్టు మీద. చరిత్ర, ప్రయాణాలు, నక్షత్రాలు, తేనెటీగలు, ఏదైనా సరే చదివేది. బాగుందనిపించిన వాక్యమల్లా ఎక్కించేసేది. ఒక్కోసారి పేజీకి పేజీ దిగిపోయేది. నిండిన నోటు పుస్తకాలు ఆమె మంచం కింద పెట్టెల్లోకి చేరేవి. ఆ గీతలు ఇంట్లో మరొకరు చదవలేరు, ఆమె మళ్లీ తీసి చూసేది కాదు. ఊడ్చేటప్పుడు చీపురు ఆ పెట్టెలకు తగిలినప్పుడల్లా వదిన ఏదో ఒకటి అనేది. గుడ్ల మీద కోడిలా వీటి మీద పడుకుంటోంది కానీ ఒక్కటీ పిల్లయింది లేదని మొగుడితో అంటే, ఆయన మిషను తొక్కుతూ నవ్వేవాడు.

ఆ మొగుడు స్టెనో అక్కకు సొంత అన్న. దర్జీ. కింద వీధి వైపు గదిలో షాపు, మేడ మీద ఇల్లు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోవడంతో ఆమె ఆ మేడ మీదే చివరి గదిలో ఉండిపోయింది. అన్నయ్య మంచి పనివాడే కానీ, జనం ఆయన దగ్గరికి వచ్చేది సగం మాటల కోసం. మెడలో టేపు, చెవి వెనక మార్కింగు సుద్ద, నోటి నిండా కబుర్లు. కొలతలు తీస్తూ, "ఛాతీ నలభై, భుజం పద్దెనిమిది" అని వీధి చివరికి వినిపించేలా చెప్పేవాడు. వదిన కాజాలు కుట్టే సూదిని చీర కొంగుకు గుచ్చి, ఆ అంకెలు రాసుకునేది.

ఒకరోజు పొద్దున కోటు గుడ్డ కత్తిరిస్తుండగా కత్తెర పక్కకు పోయింది. వదిన తలెత్తి చూసింది. అంతటి పనివాడు గీత తప్పడం ఆమె ఎరగదు. ఏమైందని అడిగితే ఆయన నోరు తెరిచి, "అదే" అన్నాడు. కుడిచేయి బల్ల మీంచి జారిపోయింది. మళ్లీ అడిగితే మళ్లీ, "అదే, అదే."

మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. ప్రాణానికి భయం లేదన్నారు. నడక కొద్ది వారాల్లో తిరిగొచ్చింది, కుడిచేయి కొంచెమే వచ్చింది, మాట మాత్రం రాలేదు. నీళ్లు కావాలన్నా "అదే", దుప్పటి వద్దన్నా "అదే", పెళ్లయి వెళ్లిన కూతురు ఫోను చేస్తే "అదే." తనకేం కావాలో ఆయనకు తెలుస్తూనే ఉందని కళ్లు చూస్తే అర్థమయ్యేది. ఇంట్లోవాళ్లు చూడలేకపోయింది కూడా అందుకే. పొద్దస్తమానం మాట్లాడిన మనిషి ఇంట్లో ఇప్పుడు మిషను చప్పుడు కూడా లేదు.

పెద్దాసుపత్రికి వారానికోసారి ఒక మాటల డాక్టరమ్మ వచ్చేది. ఆ పేరు వదిన పెట్టిందే. వయసులో చిన్నది, కానీ తొందర పడని మనిషి. అన్నయ్య ఎదురుగా కూర్చుని ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ, ఆయన "అదే" అంటే అది కూడా ఒక జవాబే అన్నట్టు తలూపుతూ వినేది. మొదటి రోజు వెళ్లేటప్పుడు సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి స్టెనో అక్క చేతిలో పెట్టింది. మాట పోయినవాళ్ల ఇంటివాళ్ల కోసం రాసిన పుస్తకం. వారానికి తనకు దొరికేది అరగంటేనని, మిగతా రోజులన్నీ ఇంటివాళ్లవేనని, పుస్తకం తన సొంతదే కాబట్టి పెన్సిలుతో ఎంతైనా గీసుకోవచ్చని చెప్పింది.

స్టెనో అక్క సెలవు పెట్టింది. వారమంతా కూర్చుని చదివింది, రాసింది. రెండు నోటు పుస్తకాలు నిండాయి. ఇంత బాగా ఎప్పుడూ పని చేయలేదనుకుంది. మరుసటి వారం డాక్టరమ్మ ఏం చదివారని అడిగితే, నోటు పుస్తకం తెరిచి ఆ గీతల్లోంచి గడగడా చదవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ కాసేపు విన్నది. తర్వాత చేయి చాచి ఆ పుస్తకం మెల్లగా మూసింది.

"ఇదంతా పుస్తకంలో ఉన్నదే కదక్కా. ఇప్పుడు చూడకుండా చెప్పండి. ఈ వారం మీ అన్నయ్యతో ఏం చెయ్యమంది?"

స్టెనో అక్కకు ఏదో అధ్యాయం పేరు గుర్తొచ్చింది, ఒక బొమ్మ గుర్తొచ్చింది, అంతే. పక్కన అన్నయ్య చెల్లెలి ముఖంలోకి చూసి, ఆమె కోసమే అన్నట్టు, "అదే" అన్నాడు. వదిన తల తిప్పేసుకుంది. నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో తెలియదు.

డాక్టరమ్మ నవ్వలేదు. పనికొచ్చేంతే రాసుకోమంది. ఏది పనికొస్తుందో ఎలా తెలుస్తుందని స్టెనో అక్క అడిగింది. ఆ ప్రశ్న కొంచెం రోషంగానే అడిగింది.

"పొద్దంతా ఆయన దగ్గర ఉండేది ఎవరు?"

"మా వదిన. నేను రేపట్నుంచి మళ్లీ కోర్టుకి వెళ్లాలి."

"అయితే ఆవిడకి రాయండి. ఆవిడ చదివి రేపు చెయ్యగలిగిందే రాయండి. మిగతాది పుస్తకంలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

ఆటోలో ఇంటికొస్తూ వదిన ఎత్తిపొడవలేదు. మామూలుగానే, అన్ని పేజీలు రాశావు కదా, ఒక్క ముక్క రాలేదేమిటి అని అడిగింది. ఎత్తిపొడిచి ఉంటే తేలికగా ఉండేది. ఇంటికెళ్లాక స్టెనో అక్క మంచం కింది పెట్టెలోంచి ఒక పాత నోటు పుస్తకం లాగింది. తేనెటీగల మీద. రాణి ఈగ ఎలా పుడుతుందో, పువ్వున్న చోటును ఒక ఈగ మిగతావాటికి ఎలా చూపిస్తుందో, అన్నీ తన గీతల్లోనే ఉన్నాయి. చదువుతుంటే వేరెవరో చదివిన పుస్తకంలా ఉంది. ఎప్పుడు చదివిందో, దేనికి రాసుకుందో జ్ఞాపకం లేదు. దాన్ని మళ్లీ పెట్టెలో పడేసి, పెన్సిలు చెక్కుకుని, డాక్టరమ్మ పుస్తకం మొదటి పేజీ తీసింది.

ఈసారి ఒక చిన్న భాగం చదివి, పుస్తకం మూసి, అట్ట మీద చేయి పెట్టింది. ఏం చదివానో చెప్పుకోవాలనుకుంది. ఏమీ రాలేదు. మళ్లీ తెరిచి చదివింది, మళ్లీ మూసింది. ఒక్క విషయం వచ్చింది. దాన్ని కాగితం ముక్క మీద మామూలు అక్షరాల్లో రాసింది. షార్ట్‌హ్యాండులో రాస్తే చేయి మళ్లీ పాత దారిలో పరిగెడుతుందని భయం. పైగా వదినకు ఆ గీతలు రావు. ఇన్నేళ్ల తర్వాత మామూలు రాత రాస్తే అక్షరాలు పలక మీద రాసినట్టు వంకరపోయాయి. వదిన చదువు చిన్న తరగతుల్లోనే ఆగింది. పెదవులు కదుపుతూ మెల్లగా చదువుతుంది, పుస్తకాల భాష కనిపిస్తే పక్కన పెట్టేస్తుంది. కాబట్టి పుస్తకంలో ఉన్నట్టు రాస్తే కుదరదు. ఆ మొదటి చీటీ ఇలా తయారైంది: "ఏం కావాలి అని అడక్కు వదినా. నీళ్లు కావాలా అని అడుగు. తల ఊపితే చాలు." కింద పుస్తకంలో పేజీ నంబరు వేసింది.

చీటీ వంటగది గోడ మేకుకు గుచ్చి కోర్టుకు వెళ్లింది. సాయంత్రం వచ్చి చూస్తే దాని వెనక మార్కింగు సుద్దతో వదిన రాసిన జవాబు ఉంది: "నీళ్లకి ఊపాడు. టీకి ఊపాడు. టీ తెస్తే తాగలేదు." స్టెనో అక్క అది చదివి, పుస్తకంలో ఆ పేజీ తీసి, అంచున పెన్సిలుతో రాసింది: "రెండు ఒకేసారి అడిగితే కలిసిపోతున్నాయి. ఒక్కటే అడగాలి. వస్తువు చూపించాలి." అది పుస్తకంలో లేని మాట. పుస్తకం అంచున తన సొంత మాట రాయడం ఆమెకు అదే మొదటిసారి.

అలా సాగింది. పొద్దున కోర్టుకు వెళ్లేముందు కాస్త, భోజనాల వేళ కాస్త. ఎక్కువ చదివేది కాదు. చదివింది మూసి చెప్పుకోలేకపోతే ముందుకు పోయేది కాదు. వరండాలో ఒంటరిగా కూర్చుని పుస్తకం మూసి గొణుక్కుంటుంటే చూసి, స్టెనో అక్కకు ఏమైనా పట్టిందా అని లాయర్లు బెంచి గుమాస్తాను వాకబు చేశారు. ఆయన, అక్క మొదటిసారి వాదన వినిపిస్తోంది, చెవిన పెట్టండి అన్నాడట.

అన్నీ సాఫీగా జరగలేదు. మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించకండి, ఆగండి అని ఒకచోట ఉంది. చీటీ రాసింది. వదిన ఒంటికాలి మీద లేచింది. ఆయన ఆకలని చెప్పలేక గింజుకుంటుంటే తను గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవాలా అని, పుస్తకం రాసినవాళ్ల ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నాడా అని అడిగింది. ఆ పూట వదినా ఆడపడుచుల మధ్య మాటల్లేవు. మర్నాడు వదిన పంతానికి ఆగింది. బాగా ఆగింది. అన్నయ్య ముఖం ఎర్రబడి, చేతికి దొరికిన గ్లాసు గోడకేసి కొట్టాడు. సాయంత్రం చీటీ వెనక ఒకటే మాట ఉంది: "ఆగాను."

పుస్తకాన్ని నమ్మాలో, వదినను నమ్మాలో స్టెనో అక్కకు పాలుపోలేదు. చివరికి ఆ పేజీ అంచున ఒక ప్రశ్న రాసి పెట్టుకుంది: "ఎంతసేపు ఆగాలి? ఇక్కడ లేదు." వారం చివర ఆ పేజీ తెరిచి డాక్టరమ్మ ముందు పెట్టింది. డాక్టరమ్మ ఆ అంచు చదివి, ఆ ముందు పేజీలూ వెనక పేజీలూ తిప్పి, పెన్సిలు రాతలన్నీ చదివింది. గడియారం చూసి ఆగేది కాదని, ఆయన ముఖం చూసి ఆగాలని, కోపం మొదలయ్యే ముందు మొదటి అక్షరం అందించవచ్చని చెప్పింది. ఆ ముఖం వదినకే బాగా తెలుసు కాబట్టి ఎప్పుడు అందించాలో ఆవిడే నిర్ణయించాలంది. వదిన కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆ రోజు నుంచి చీటీల కోసం ఆమే ఎదురు చూసేది.

పుస్తకం ఒకసారి పూర్తయింది. స్టెనో అక్క రెండోసారి మొదలుపెట్టింది, తన అంచు రాతలు చూసుకుంటూ. మొదటి అధ్యాయంలోనే ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. మిగతా మాటలు పోయినా వరస అంకెలు, తిట్లు, ఏళ్ల తరబడి అలవాటైన మాటలు కొందరికి వాటంతటవే వస్తాయని ఉంది. మొదటిసారి దీన్ని షార్ట్‌హ్యాండులో ఎక్కించే ఉంటుంది. ఇప్పుడు అంచున రాసింది: "తిట్లు వస్తున్నాయా? వదినను అడగాలి."

అడిగితే వదిన చేతిలోని కాజా సూదిని కొంగుకు గుచ్చుకుంది.

"మొన్న తలుపు సందులో వేలు పడింది. శుభ్రంగా తిట్టాడు," అంది చివరికి. "అదే అనలేదు. అసలు తిట్టే."

"మరి చెప్పలేదేం వదినా?"

"తిట్టు కూడా మాటేనని నాకేం తెలుసు చిట్టీ. పైగా నీతో ఎలా చెప్పను, అది అలాంటి తిట్టు."

ఇద్దరూ చాలా నెలల తర్వాత నవ్వుకున్నారు. స్టెనో అక్క మేడ మీదికి వెళ్లి, పుస్తకం చివర్లో చేతి పని గురించి చదివిన చోటు వెతికింది. పేజీ నంబర్లు వేసిన చీటీలు ఉన్నాయి కాబట్టి వెంటనే దొరికింది. చేతులకు అలవాటైన పని మధ్యలో ఉన్నప్పుడు కొందరికి దానికి సంబంధించిన మాట సులువుగా తగులుతుందని అక్కడ ఉంది. రెండు చోట్లవీ కలిపి ఒకే చీటీ రాసింది: "తిట్టు వచ్చింది కాబట్టి వేరే మాట కూడా రావచ్చు. రాకపోనూ వచ్చు. ఆయనకి పని ఇచ్చి చూద్దాం. టేపు?"

మర్నాడు జరిగింది ఆమె కళ్లతో చూడలేదు. ఆ సమయానికి కోర్టులో ఎవరిదో వాటా పంపకం కేసు నడుస్తోంది. వదిన పొద్దున్నే భర్త మెడలో టేపు వేసి, ఆయన్ని షాపులో కూర్చోబెట్టింది. మధ్యాహ్నం దాటాక ఒక లారీ డ్రైవరు వచ్చాడు. పాత ఖాతాదారు, బొజ్జ మనిషి. మాస్టారికి బాగోలేదని తెలియదు, చొక్కా గుడ్డ తెచ్చాడు. వదిన ఏదో చెప్పి పంపించేయబోయింది. అన్నయ్య అప్పటికే లేచాడు. ఎడమ చేత్తో టేపు తీశాడు. కుడిచేయి సరిగా పట్టక టేపు కొస జారిపోతుంటే, వదిన వెళ్లి ఆ కొస పట్టుకుంది. టేపు డ్రైవరు ఛాతీ చుట్టూ తిరిగింది. అన్నయ్య వంగి చూశాడు. పెదవులు కదిలాయి. వదిన మొదటి అక్షరం అందించబోయి ఆయన ముఖం చూసి ఆగింది.

"నలభై నాలుగు," అన్నాడు.

టేపు మీద ఉన్నది నలభై రెండు. వదిన తప్పు దిద్దకుండా టేపు కొస పట్టుకునే నిలబడింది. డ్రైవరు మాత్రం నొచ్చుకుని, తనంత లావు లేనని, మాస్టారు మళ్లీ కొలవాలని పట్టుబట్టాడు. ఆయన మళ్లీ కొలిచాడు. మళ్లీ నలభై నాలుగే అన్నాడు, ఈసారి గట్టిగా. వదిన నోటికి కొంగు అడ్డుపెట్టుకుని లోపలి గదిలోకి పోయింది.

సాయంత్రం చీటీ వెనక పెద్ద అక్షరాలతో ఉంది: "కొలత తప్పు. మాట ఒప్పు."

స్టెనో అక్క చెప్పులు కూడా విప్పకుండా వంటగదిలో నిలబడి అది చదివింది. ఎన్నో ఏళ్లుగా ఎన్ని వేల పేజీలో రాసింది. ఆ నాలుగు మాటల చీటీని మాత్రం చాలాసేపు చేత్తో పట్టుకునే ఉంది.

ఆ తర్వాత అంతా ఒక్కసారిగా బాగైపోలేదు. అంకెలు ముందు వచ్చాయి, సరైన అంకెలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఛాతీ, భుజం, కాలరు, కాజా వచ్చాయి. భార్య పేరు రావడానికి మరో ఏడాది పట్టింది. వచ్చిన రోజున ఆమె పలకకుండా ఊరుకుని మళ్లీ మళ్లీ పిలిపించుకుంది. పాత కబుర్లు మాత్రం తిరిగి రాలేదు. కుడిచేత్తో కత్తెర పట్టలేడు కాబట్టి కత్తిరించడం వదిన నేర్చుకుంది. ఆయన కొలతలు తీస్తాడు, వదిన టేపును ఇంకోసారి చూసి మరీ రాసుకుంటుంది. షాపు నడుస్తోంది.

స్టెనో అక్కకు కోర్టులో ఒక చిక్కు వచ్చిపడింది. ఆమెకు తను రాస్తున్న మాటలు వినిపించడం మొదలైంది. ఒకరోజు ఒక ముసలాయన తన కొడుకు మీదే సాక్ష్యం చెబుతున్నాడు. ఆమె పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. ఆయన ఎందుకంత మెల్లగా మాట్లాడుతున్నాడా అని ఆలోచిస్తూ ఉండిపోయింది. తేరుకునేసరికి రెండు వాక్యాలు పోయాయి. ఉద్యోగంలో మొదటిసారి లేచి నిలబడి, సాక్షిని మళ్లీ చెప్పమని జడ్జిగారిని కోరింది. ఆయన కళ్లద్దాల మీంచి చూసి, సరేనన్నారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. తర్వాత కొన్ని నెలలు ప్రయత్నం మీద కోర్టులో ఒకలా, వరండాలో ఒకలా ఉండడం అలవాటు చేసుకుంది. కానీ పూర్వపు వేగం మళ్లీ రాలేదు. పదవీ విరమణ దాకా అలాగే గడిపింది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ వచ్చే రోజున స్టెనో అక్క కూడా పెద్దాసుపత్రికి వెళ్తుంది. లోపల డాక్టరమ్మ రోగులతో ఉంటే, బయట బెంచీల దగ్గర ఈమె ఇంటివాళ్లతో ఉంటుంది. పోయినసారి ఒక ప్లంబరు వచ్చాడు. అతని భార్యకు మాట పోయి నెల కావస్తోంది. మనిషి నిద్ర లేక వాడిపోయి ఉన్నాడు. ఆమె చేతిలోని పుస్తకం, దాని అంచుల నిండా ఉన్న పెన్సిలు రాతలు చూసి ఆశగా అడిగాడు.

"అక్కా, ఇవన్నీ జిరాక్సు తీసుకోనా? నాకంత చదివే ఓపిక లేదు."

ఆమె వెంటనే కాదనలేదు. పుస్తకం తిప్పి, టీ గురించి రాసిన పేజీ చూపించి, ఇది మా అన్నయ్య సంగతి, మీ ఆవిడ టీ తాగుతుందా అని అడిగింది. తాగదన్నాడు. మరి రోజూ తప్పకుండా ఏం చేసేదని అడిగింది. అతను ఆలోచించాడు. పొద్దున ట్యాంకు నిండి నీళ్లు పొర్లితే ముందుగా వినేది ఆవిడేనని, మోటారు ఆపమని పైనుంచి అరిచేదని చెప్పాడు.

స్టెనో అక్క ఇలాంటివాళ్ల కోసం కొని ఉంచిన, రాతలేమీ లేని మరో ప్రతి తీసి అతని చేతికిచ్చింది. పెన్సిలు కూడా ఇచ్చింది.

"మొదటి పేజీ చదవండి. మొత్తం వద్దు, ఈ ముక్క వరకే. చదివి మూసెయ్యండి. మూశాక మాట్లాడుకుందాం."

అతను బెంచీ మీద కూర్చుని, నీళ్ల గొట్టాల తుప్పు మరక పోని వేలు వాక్యం కింద పెట్టుకుని చదవసాగాడు. ఒక వాక్యం దగ్గర ఆగి వెనక్కి వెళ్లాడు. స్టెనో అక్క పక్కన కూర్చుని, అతనికి ఏమీ అందించకుండా ఎదురు చూసింది. చాలాసేపటికి అతను పుస్తకం మూసి, తలెత్తి, "మోటారు సంగతి రాసుకోవచ్చా అక్కా?" అని అడిగాడు. రాసుకోమంది.